పెళ్లి గుర్రానికి మాలీషు

మా శీను బావ పెళ్లి ఈ రెండు బొటనవేళ్ల కింద నలిగిపోవాల్సింది. ఇప్పుడు చూస్తే ఇవి ఎంత అమాయకంగా కనిపిస్తాయో! ఆ సాయంత్రం మాత్రం ఒక గుర్రాన్ని, ఒక పెళ్లికొడుకుని, ఒక బ్యాండు మేళాన్ని నడివీధిలో నిలబెట్టేశాయి. నమ్మకం లేకపోతే మా అత్తను అడగండి. కాస్త దూరం నుంచి అడగండి.

అప్పటికి నేను ఫిజియోథెరపీ చదువు ముగించి, రేసు గుర్రాలకూ వాటినెక్కే జాకీలకూ వైద్యం చేసే ఒక మేడమ్ దగ్గర కొత్తగా చేరాను. ముంబై కామాఠీపురాలో, ఒంటిగది ఇళ్లు వరుసగా ఉండే మా చాల్ వాళ్లకు ఈ ఉద్యోగం అంతుపట్టలేదు. మా ముత్తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరికి రాళ్లు మోశారు. వాళ్ల నడుములు ఎవరూ పట్టలేదు. ఇప్పుడు మన పిల్ల గుర్రాల నడుములు పడుతుందట, దానికి జీతం కూడా ఇస్తారట అని నల్లా దగ్గర బిందెలు నిండేదాకా నవ్వుకునేవాళ్లు. నిజానికి మేడమ్ నాకు జాకీలనే అప్పగించేది. గుర్రాల మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. పక్కన నిలబడి చూడమనేది.

చూడటమంటే నేను చేసింది కలలు కనడం. పొద్దున్నే లాయంలో ఎండుగడ్డి వాసన, పలచటి మంచు, వెచ్చటి ఊపిరులు. మేడమ్ వేళ్లు వెన్ను పొడవునా మెల్లగా నడుస్తుంటే గుర్రం కళ్లు సగం మూతపడేవి, కింది పెదవి వేలాడేది, ఒక వెనకకాలు మడిచి అది ఎటో వెళ్లిపోయేది. దాని వెనకే నేనూ వెళ్లిపోయేదాన్ని. నాగ్‌పాడా నుంచి గ్రాంట్ రోడ్ దాకా గుర్రాలు వరుసకట్టి నా కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించేది. మేడమ్ చెప్పిన వాటిలో ఆఖరున బెల్లం ముక్క పెట్టాలన్నది మాత్రం గుర్తుండిపోయింది. వైద్యం చేసిన రోజు గుర్రం మీద ఎవరినీ ఎక్కించకూడదన్న మాట ఆ మంచులో ఎక్కడో జారిపోయింది.

ఇక బావ సంగతి. మా మేనత్త కొడుకు, టెంపో నడుపుతాడు. చిన్నప్పటి నుంచి చాల్ అంతా మా ఇద్దరికీ ముడిపెట్టి వేళాకోళమాడేది. మేమేమో ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వేవాళ్లం. చివరికి వాడికి సోలాపూర్ తెలుగువాళ్ల పిల్ల కుదిరింది. వాళ్లింట్లో అందరికీ వాడు నచ్చాడు, పిల్ల నాయనమ్మకు తప్ప. ఇంట్లో మరదలిని పెట్టుకుని బయటి సంబంధం ఎందుకు వెతుక్కున్నారని ఆవిడకు ఒకటే అనుమానం. అందుకే పెళ్లిరోజు అత్త నన్ను పక్కకు పిలిచింది.

“హాలు కాడ నువ్వు జర ఎనకెనకనే ఉండు బిడ్డా. ఆ ముసలమ్మ కంట్ల పడకు. ఈ లగ్గం అయ్యేదాంక నా పానం నా చేతుల లేదు.”

సరేనన్నాను. జీలకర్ర, బెల్లం పెట్టిన స్టీలు డబ్బా నా చేతికిచ్చి భద్రమంది. దానికీ సరేనన్నాను. టెంపో నడిపి నడిపి పట్టేసిన బావ నడుము కూడా కాస్త చూడమంది, బొంబాయి అలవాటు ప్రకారం పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగాలి కదా. అది అడగకుండా ఉంటే బాగుండేది.

బావకు వీపంతా పట్టాను. పెళ్లి పనులతో నిద్రకు మొహం వాచి ఉన్నాడేమో, లేచాక కూడా వాడి కళ్లు పూర్తిగా తెరుచుకోలేదు. కిందికి దిగితే, గల్లీలో తెల్లటి ఆడగుర్రం. పేరు చాందినీ. మెడలో పూసలు, నెత్తిన కుచ్చు, కళ్లకు కాటుక. బ్యాండువాళ్లు డప్పు సరిచూసుకోగానే అది ముందుకాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఎత్తెత్తి వేయసాగింది.

నా గుండె కలుక్కుమంది. పాపం, భుజాల నొప్పి! కాలు నేల మీద ఆననివ్వడం లేదు!

గుర్రాన్ని తోలుకొచ్చిన చాచా నా ముఖం చూసి, అది డాన్సు బేటీ అని హిందీలో చెప్పాడు. అందరూ అలాగే పొరబడతారని నేను జాలిగా జవాబిచ్చాను. ఉద్యోగంలో చేరి నెలైనా నిండలేదు, నా గొంతులో మాత్రం ముప్ఫై ఏళ్ల అనుభవం పలికింది. పైట దోపుకుని చాందినీ మెడ మొదలు నుంచి నడుము దాకా పట్టడం మొదలుపెట్టాను. నా చేతికి మొట్టమొదటిసారి ఒక గుర్రం! కాటుక కళ్లు మెల్లగా వాలాయి, పెదవి జారింది. ఆ క్షణంలో నాకంటే సుఖపడినవాళ్లు ముంబైలో లేరు. ఆఖరున స్టీలు డబ్బా తెరిచి పెళ్లి బెల్లంలోంచి ఒక ముక్క విరిచి పెట్టాను.

బావ ఎక్కాడు. బ్యాండు మోగింది. చాందినీ డాన్సు చేయలేదు. చూశారా, నొప్పి పోయిందని నేను చుట్టూ చూశాను. అది నాలుగడుగులు వేసి గల్లీ మధ్యలో ఆగి, వెనకకాలు ఒకటి మడిచి నిద్రపోయింది.

చాచా కళ్లెం లాగాడు. బతిమాలాడు. నొప్పి ఇంకా మిగిలిందనుకుని నేను మరింత పట్టాను. ఎంత పడితే అది అంత గాఢంగా నిద్రపోయింది. బ్యాండు వాళ్లకు కూడా ఆవలింతలొచ్చి పాట సాగిసాగి జోలపాటలా తయారైంది. సాయంకాలపు ఎండ చాల్ వరండాల మీద పసుపుగా ఒలికి ఉంది. ఆరేసిన చీరలు ఊగుతున్నాయి. ముహూర్తం దగ్గరపడుతోందని తెలిసి కూడా అందరం ఏదో కలలో నిలబడ్డట్టు నిలబడిపోయాం. ముఖం మీద వేలాడే పూలముసుగు వెనక బావ గురక వినిపించింది.

అత్త తోసుకుంటూ వచ్చింది. “ఏమైందే దీనికి?”

“హాయిగ ఉంది అత్తా.”

“దానికి హాయి ఎందుకే ఇప్పుడు? వానికి లగ్గముంది. ముందుగాల నువ్వు చెయ్యి తియ్యి. ట్యాక్సీ ఎక్కి హాలుకు పో.”

డబ్బా గుండెకు హత్తుకుని ట్యాక్సీ ఎక్కాను. అది కదలగానే చాందినీ ముక్కు పైకి లేచింది. బెల్లం వెళ్లిపోతోంది! నేను వెనక అద్దంలోంచి చూద్దును కదా, కాటుక కళ్లు రెండూ బాగా తెరుచుకుని నా వైపే వస్తున్నాయి. పైన బావ ఎగిరెగిరి పడుతున్నాడు. పూలముసుగు ఊడిపోయింది. వెనక చాచా, ఆ వెనక బాకాలు చంకలో పెట్టుకుని బ్యాండు మేళం, అందరి వెనక చెప్పులు చేత పట్టుకుని మా అత్త.

హాలు గుమ్మంలో సోలాపూర్ వాళ్లు హారతి పళ్లెంతో నిలబడి ఉన్నారు. వాళ్లకు కనిపించింది ఇదీ: ముందు ట్యాక్సీలోంచి పట్టుచీర కట్టుకుని నేను దిగాను. నా వెనకే పెళ్లికొడుకు గుర్రం మీద పరుగున వచ్చి నన్ను ఆనుకుని ఆగాడు.

నాయనమ్మ అందరినీ పక్కకు జరిపి ముందుకొచ్చింది. “ఎవరీ పిల్ల?”

మావాళ్లలో ఎవరో సాయం చేశారు. “మరదలు.”

హారతి పళ్లెం రెండడుగులు వెనక్కి వెళ్లింది. అప్పుడే చేరుకున్న అత్త చేతిలో చెప్పులు కింద పడేసింది. నేను వేళాకోళానికి చేసింది కాదు కాబట్టి నవ్వి కొట్టిపారేయలేకపోయాను.

“మరి ఈమె ఎనక ఎందుకు ఉరికినవ్ కొడుకా?” అంది నాయనమ్మ.

“నేను ఉరకలే అవ్వా,” అన్నాడు బావ కళ్లు నులుముకుంటూ. “నేను పండుకున్న.”

నిజమే చెప్పాడు. ఎవరు నమ్ముతారు? అంతలో చాందినీ నా చంక కింద నుంచి మూతి దూర్చి డబ్బా మూత తోసేసి, మిగిలిన బెల్లమంతా జీలకర్రతో సహా నమిలి మింగింది. మింగి, నా భుజం మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది.

నాయనమ్మ గుర్రాన్ని చూసింది, నన్ను చూసింది. ఆవిడ పొట్ట ముందు కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది.

“జీలకర్ర బెల్లం అయిపాయె. ఇగ ఈ ఇద్దరికి లగ్గమైనట్టే. మా పిల్లకు వేరే బెల్లం తెండ్రి.”

కిరాణా దుకాణం బెల్లంతో బావ పెళ్లి ముహూర్తానికే జరిగింది. ఆ పరుగుకు వాడి నడుము మళ్లీ పట్టేసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

కాబట్టి పాఠకులారా, ఖాళీ అయిన ఆ స్టీలు డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెళ్లిలోనూ నా బొటనవేళ్లు విస్తరి దాటి బయటికి రావు. గుర్రం ఎదురుపడితే పక్కకు తప్పుకుంటాను. అది చాందినీ అయితే మాత్రం తల వంచుకుని నిలబడతాను, అందరి ముందూ లగ్గమైన సంబంధం కదా.