రువాన్ చర్చిలో రెహానా చెప్పిన మాట

దోహాలోని అల్ తుమామాలో తాము పనిచేసే ఇంటావిడను రెహానా, శివకుమారి ఇద్దరూ ‘మామా’ అనే పిలిచేవారు. అక్కడి పనివాళ్ళందరి పిలుపూ అదే. రాయచోటి రెహానా పిల్లల్ని చూసుకునేది. రాజోలు శివకుమారి వంట చేసేది. తొంభై ఆరు ఎండాకాలంలో మామా కుటుంబం ఫ్రాన్సులో సెయిన్ నది మీద పడవ ప్రయాణానికి బయల్దేరుతూ ఇద్దర్నీ వెంట తీసుకెళ్ళింది. రెహానా ధ్యాస మాత్రం వచ్చే రంజాన్‌కు మామా చేయిస్తానన్న ఉమ్రా యాత్ర మీదే. మక్కా చూడాలని ఆమె తల్లి కడదాకా కలవరించి పోయింది.

కోటలూ రాతి వంతెనలూ మెల్లగా వెనక్కి జరిగిపోతుంటే శివకుమారి పడవ అంచు వదిలేది కాదు.

“మా గోదారంత లేదు గానీ, ఒద్దికైందేలే,” అని సర్టిఫికెట్ కూడా ఇచ్చింది.

రువాన్ అనే ఊళ్ళో పెద్ద చర్చి చూడ్డానికి దిగారు. లోపల ఓ పక్కన, తలకింద దిండుతో సహా, పడుకున్న రాజును రాతిలో చెక్కి ఉంచారు. పూర్వపు రాజు సమాధి అన్నారెవరో. సమాధి అన్న మాట చెవిన పడటమే ఆలస్యం, రెహానా చెప్పులు విడిచింది. చున్నీ సర్దుకుని, రాతి అంచు తాకి వేళ్ళు కళ్ళకద్దుకుంది. తమ ఊళ్ళో దర్గా దగ్గర చిన్ననాటి నుంచీ చేసిందే. వీపు చూపకూడదని అలాగే వెనక్కి వెనక్కి నడిచి మామాకు తగిలింది.

“హరామ్! సమాధికి మొక్కుతావా? అదీ బొమ్మకి! నువ్వసలు ముస్లిమువేనా?”

మామా గొంతు పెంచలేదు. అందుకే రెహానాకు మరీ భయమేసింది. ఉమ్రా కళ్ళముందే జారిపోతోంది.

“నాకు తెలీదు మామా. ఇక్కడ ఇట్లా చెయ్యాలని శివకుమారే చెప్పింది,” అంది వచ్చీరాని అరబ్బీలో.

శివకుమారికి ఆ మాత్రం అరబ్బీ వచ్చు. రెహానా వంక ఒక్క చూపు చూసింది, కాదనలేదు. ఇక శివకుమారి పడవ దిగనక్కర్లేదని మామా తేల్చేసింది.

ఆ సాయంత్రం రెహానా శివకుమారి పక్కన చేరింది. “నన్ను తిట్టక్కా. ఊరికే ఉండాకు.”

“తిడితే నీకు బరువు దిగిపోద్ది. నేనెందుకు దించాలే?”

తిరుగు ప్రయాణంలో ఎవరో చిత్రకారుడి తోట చూపించారు. రెహానా తలెత్తి సరిగా చూడనే లేదు.

“ఏం చూశావే?” అనడిగింది శివకుమారి, పడవ వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ.

“ఏముందక్కా, కొలనులో కలువలు.”

“కలువల కోసం ఇంత దూరమా! మా ఊళ్ళో గేదెలు మేస్తాయి వాటిని,” అని నవ్వింది. ఆ తోటకు తనను రానిచ్చి ఉంటే ఎంత సంబరపడేదో రెహానాకు తెలుసు.

దోహా వచ్చాక మామాకు నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో ఆమె గది గుమ్మం దాకా వెళ్ళింది. ప్రతిసారీ మక్కా అడ్డమొచ్చేది. రంజాన్ వచ్చింది. దారిలో ఉపవాసం విడిచాక తినడానికి శివకుమారే రొట్టెలు చేసి మూటగట్టింది.

“యల్లా, రెహానా!” మామా కారులోంచి తొందరపెట్టింది.

“వెళ్ళొచ్చెయ్,” అంది శివకుమారి. “అక్కడ మాత్రం నా పేరు చెప్పకు.”

రెహానా రొట్టెల మూట తీసుకుని కారెక్కింది.

తర్వాత రాయచోటిలో, మక్కా చూసొచ్చిన మనిషని నలుగురూ లేచి చోటిచ్చేవారు. ఆమె తల దించుకునేది. ఎంత అణకువో అనుకునేవారు.