మగ్గం గదిలో నీళ్ళు

నలభై నాలుగు ఏప్రిల్లో నన్ను బెజవాడ నుంచి కంకిపాడు వైపు మలేరియా పనికి వేశారు. హోదా హెల్త్ ఇనస్పెక్టరు. చేతికింద ఇద్దరు కూలీలు, చేతిలో ఓ తెల్ల ఎనామిల్ గరిటె. దాంతో నిలవనీళ్ళు ముంచితే దోమపిల్లలు తోకలాడిస్తూ కనపడతాయి. కనపడితే పారబోయించాలి.

దాచుకునే పిచ్చి రకరకాలు. యుద్ధం రోజుల్లో షావుకార్లు గదుల్లో ధాన్యం కుక్కితే ఎలుకలు చేరేవి, వాటి వెంట ప్లేగు భయం. ఒక గుమాస్తాగారు పాత పేపర్లు దూలాల దాకా పేర్చి, ఆ దుమ్ముకి ఎప్పుడూ దగ్గుతుండేవాడు. సీతారావమ్మగారు దాచింది మాత్రం నీళ్ళు.

ఆవిడ నేతవారింటి ముసలావిడ. భర్త పోయాడు, పిల్లల్లేరు. వేసవిలో కాలవలు కట్టేస్తే మైలు దూరంలో చెరువే గతి. మగ్గం గదిలో ముప్ఫై ఒక్క కుండలు నింపి పెట్టుకుంది. గరిటె వేసిన ప్రతి దాన్లోనూ పురుగే! అప్పటికే ఆ వీధిలో నలుగురు చలిజ్వరంతో మూలుగుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"పారబొయ్యకండి బాబూ. మా ఆయన జ్వరంలో దాహమన్న పూట ఇంట్లో చుక్క లేదు" అంది.

"ఊరందరికీ జ్వరాలు తెప్పిస్తారా మామ్మగారూ?" అని కసిరాను. కూలీలు కుండలన్నీ వంచేశారు. ఆవిడ ఆ తడినేల మీదే కూర్చుండిపోయింది.

నాలుగో రోజు మళ్ళీ తనిఖీకి వెళ్తే తలుపు మూసుంది. ఎండలో చెరువుకి తిరిగి తిరిగి, వడదెబ్బ తగిలి గట్టు మీదే పోయిందని పక్కింటాయన చెప్పాడు. "అడిగితే మేం తెచ్చిపెట్టేవాళ్ళం కదండీ. ఎవర్నీ ఏమీ అడగదండీ ఆవిడ" అన్నాడు. లోపల పదకొండు కుండలు నిండి ఉన్నాయి.

నీళ్ళు వడగట్టి, కుండ మూతికి గుడ్డ బిగించి కడితే దోమ గుడ్లు పెట్టలేదు. ఆ సంగతి మా రూల్సులోనే ఉంది. మగ్గం పక్కన నిలబడి నాకు గుడ్డ మాటే తట్టలేదు, ఎంత మొద్దునో! అద్దెగదికొచ్చి వండుకున్న అన్నం అలాగే వదిలేశాను. ఆ ఊళ్ళో ఒక్కణ్ణి, చెప్పుకుని ఏడవడానికైనా మనిషి లేడు.

తర్వాత పాతికేళ్ళు అదే ఉద్యోగం చేశాను. ఎన్నో ఇళ్ళలో నీళ్ళు పారబోయించాను. కాకపోతే కుండ మీద చెయ్యి వేసేముందు, మళ్ళీ నీళ్ళు ఎవరు మోసుకొస్తారని అడిగేవాణ్ణి.