కూలికి ఆడినవాడు

స్కాట్లండులో లెవెన్ ఏటి ఒడ్డున, బట్టలకు ఎర్రరంగు వేసే కార్ఖానాలో డుగాల్డ్ మెకాస్లన్ పనివాడు. శనివారం మధ్యాహ్నం మాత్రం ఊరి ఫుట్‌బాల్ జట్టుకి అతనే ప్రాణం. మోచేతుల దాకా వదలని ఎరుపుతోనే మైదానంలోకి దిగేవాడు.

ఇంగ్లండు జట్లకి ఆటగాళ్లను ఎగరేసుకుపోయే ఏజెంటు ఒకడు అతన్ని వలలో వేసుకున్నాడు. అప్పట్లో ఇంగ్లండులో జీతానికి ఆడొచ్చు, స్కాట్లండులో అది మహాపాపం. డుగాల్డ్ చెప్పాపెట్టకుండా రైలెక్కేశాడు. గ్లాస్గోలోని ఫుట్‌బాల్ సంఘం అతని పేరు పత్రికలో వేయించి మరీ వెలివేసింది. నాలుగు చలికాలాలు ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఆడి, ఇంటి మీద బెంగతో తిరిగొచ్చాడు.

ఊరు మొహం తిప్పేసుకుంది. రంగుతొట్ల దగ్గరికి అతను రాగానే మాటలు ఆగిపోయేవి. మనవాళ్లని ఎత్తుకుపోవడానికే దిగాడని గుసగుసలు. నన్నడిగితే ఊరిదీ తప్పు కాదు, అప్పటికే ఇంకో ఇద్దరు ఆటగాళ్లు ఇంగ్లండు చెక్కేశారు. ఊరి జెర్సీ మళ్లీ తొడుక్కోవాలన్నదే డుగాల్డ్ ఆశ. వెలి ఎత్తేసి చేర్చుకోమని గ్లాస్గో సంఘానికి అర్జీ పెట్టాడు. భార్య యూఫీమియా కూడా నమ్మలేదు.

"అర్జీ పెట్టానంటావు, జవాబేదయ్యా? ఏ రైలుకి పెట్టె సర్దాలో ముందే చెప్పు."

మార్చిలో ఒక శనివారం, ఆటకు ముందు, గుండ్రటి నల్లటోపీ, ఖరీదైన కోటు వేసుకున్న కొత్తమనిషి గేటు దగ్గరికొచ్చాడు. ఆ వేషంలో వచ్చేవాడు ఏజెంటేనని ఊరందరి లెక్క. ఏజెంట్లను ఏట్లో ముంచి పంపడం ఆనవాయితీ.

"డుగాల్డ్ మెకాస్లన్ ఎవరండీ?"

కళ్లన్నీ డుగాల్డ్ మీదకు తిరిగాయి. "నీ చుట్టమొచ్చాడు, పోయి కావలించుకో" అన్నాడు కెప్టెన్ ఆర్చీ.

"మీతో రెండు మాటలు, పక్కకి వస్తారా?" అంటూ ఆ మనిషి గొంతు తగ్గించాడు.

డుగాల్డ్‌కి ఒళ్లు మండిపోయింది. లాంకషైర్ వాళ్లే తన కొంప ముంచడానికి పంపారనుకున్నాడు. కాలరు పట్టి ఈడ్చుకెళ్లి తనే ఏట్లోకి తోశాడు. ఊరంతా ఈలలు వేసింది.

"మనోడేరా!" అంటూ ఆర్చీ అతని భుజం చరిచాడు.

నడుములోతు చన్నీళ్లలో ఆ మనిషి వణుకుతూ లేచాడు. "నేను గ్లాస్గో సంఘం మనిషినయ్యా! నీ నడవడి చూసి, మళ్లీ ఆడనివ్వొచ్చో లేదో చెప్పమని పంపారు!"

ఈలలు ఆగిపోయాయి. డుగాల్డ్ నీళ్లలోకి దిగి చేయి అందించాడు. ఆయన పట్టుకోలేదు. తనంతట తనే ఒడ్డెక్కి, బూట్లలో నీళ్లు ఒంపుకుని, స్టేషను దారి పట్టాడు.

ఆట మొదలైంది. మైదానం చుట్టూ కట్టిన తాడుకి ఇవతల, చూసేవాళ్లలో నిలబడ్డ డుగాల్డ్‌కి పక్కవాళ్లు జరిగి చోటిచ్చారు. ఆర్చీ భార్య తన రొట్టెలో సగం తుంచి పెట్టింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లూ, శనివారం శనివారం, అతను ఆట చూసింది అక్కణ్నుంచే.