బాపు చుట్టిన రాగి తీగ

భూములు పోయాయి, జీపు పోయింది, ముందు గదులు రెండు, వంటిల్లు తప్ప ఇల్లంతా కిరాయికి ఇచ్చేశాం. మిగిలిన ఘనత ఒక్కటే: మా నాన్న, బాపు, కొన్న కంప్యూటర్. సిద్దిపేటలో మా వీధికి మొదట వచ్చిన కంప్యూటర్ అదే. ఏటా దసరా నాడు దానికి పసుపు కుంకుమ చల్లి, బంతిపూల దండ వేసి ఆన్ చేస్తాం. సాయంత్రం జమ్మి ఆకు బంగారమని చేతిలో పెట్టి దండం పెట్టడానికి వచ్చినవాళ్లు వెలిగే తెరను చూసి వెళ్లాలి. అది బాపు పెట్టిన ఆనవాయితీ. ఇప్పుడు వచ్చేది నలుగురైదుగురే అయినా నేను తప్పనివ్వలేదు.

పోయిన దసరాకు మధ్యాహ్నమే మీట నొక్కి పక్కన కూర్చున్నాను. డబ్బా చిటపటమంది. వెనక జాలీలోంచి తెల్లటి పొగ వచ్చింది.

"ఊదుబత్తీలు ఎక్కువైనయేమో," అన్నాను.

నా భార్య వంటింట్లోంచి పరుగున వచ్చి మెయిన్ స్విచ్ దించింది. "ఊదుబత్తి గాదు, ఇల్లంటుకుంటది! పొగల గూడ గట్లనే దర్జాగ కూసుంటరా? లేవున్రి!"

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఒకామె ఉంది. వాళ్ల నాయిన మా ఇంటికి పంచెలు నేసేవాడు. ఆమెను బతిమాలడానికి నాకు మనసొప్పలేదు. కానీ జమ్మి వేళకు తెర చీకటిగా ఉంటే ఏం ముఖం పెట్టుకోవాలి? చివరికి నా భార్యే ఫోన్ చేసింది.

ఆ దుకాణం ఆమె పండుగ చీరలోనే వచ్చి, ముందు ప్లగ్గు పీకింది. "అప్పుడే ముట్టద్దు సారూ. ప్లగ్గు వీకినా లోపల కరెంటు కొంచెంసేపు ఉంటది," అని మంచినీళ్లు అడిగి తాగింది. తర్వాత పవర్ సప్లై డబ్బా విప్పింది.

"ఏంది సారూ, కంప్యూటరా, పోపు డబ్బానా?"

ఫ్యాను రెక్కల నిండా పసుపు ముద్దకట్టి ఉంది. ఇన్ని దసరాల పసుపు! పైగా గాలి పోయే జాలీని ప్రతిసారీ దండతో మూసేవాళ్లం.

"అయినా ముందు ఫ్యూజ్ పోవాలె గదా," అంటూ ఆమె లోపలికి వంగింది. గాజు ఫ్యూజ్ మీద లావుపాటి రాగి తీగ చుట్టి ఉంది. "గిట్ల తీగ చుడితే ఫ్యూజ్ పోదు, డబ్బానే కాలుతది. ఎవలు సారూ గీ మొండి మనిషి?"

ఆ ముడి నాకు తెలుసు. భూమి కాయితాల కట్టకు వేసే ముడి.

"మా బాపు," అన్నాను.

ఆమె నాలుక కరుచుకుంది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఫ్యూజ్ పోయినప్పుడల్లా దుకాణానికి వెళ్లి అడగడం బాపుకు నామోషీ. అందుకని ఎన్నటికీ పోని ఫ్యూజ్ చేసి పెట్టాడు. అదే మాట ఆమెతో చెప్పాను.

"సాయంత్రానికి తెర ఎలగాలె మరి," అన్నాను.

"ఎలగదు సారూ. కొత్త సప్లై తెప్పియ్యాలె. దీన్నే ఎలిగిస్త అంటే ముందుగాల నేనే ఉరుకుత."

జమ్మి వేళకు తెర చీకటిగానే ఉంది. దాని ముందు పళ్లెంలో రాగి తీగ పెట్టి, వచ్చినవాళ్లకు కథ చెప్పాను. ఎప్పుడూ నిలబడే వెళ్లిపోయేవాళ్లు కూర్చుని నవ్వారు. చాయ్ రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది.

వాళ్లు వెళ్లాక జమ్మి ఆకు తీసుకుని నేనే బస్టాండు దగ్గరి ఆమె దుకాణానికి నడిచాను. మా ఇంట్లో జమ్మి ఇవ్వడానికి గడప దాటినవాళ్లు అంతకుముందు లేరు. ఆమె ఆకు కళ్లకద్దుకుని, సొరుగులోంచి ఒక గాజు ఫ్యూజ్ తీసి నా చేతిలో పెట్టింది.

"కొత్తదాంట్లకు ఇదుంచున్రి. పోతే మల్లొచ్చి అడుగున్రి. నామోషీ వడకున్రి."

దాన్ని పై జేబులో పెట్టుకుని, నడుం నిటారుగా పెట్టి ఇంటికి వచ్చాను.