బండ లాగిన డ్రాగన్

ఆళ్లగడ్డలో మా ఓబుళమ్మ వదినకు డ్రాగన్ అయినా ఎద్దే. 2004లో నేను నంద్యాల పాలిటెక్నిక్‌లో చదువుతూ, రాక్షసులూ డ్రాగన్లూ పోట్లాడుకునే కార్డుల ఆట ఒకటి సెలవులకు తెచ్చి ఆమెకు నేర్పాను. దాడికి పోయిన కార్డును అడ్డంగా తిప్పాలి. అలా ఉన్నంతసేపూ అది కాపలాకు పనికిరాదు. మన వంతు మళ్లీ రాగానే దాన్ని లేపి నిలబెట్టుకోవచ్చు.

వదిన మాత్రం ఆ వంతుకు లేపేది కాదు, ఇంకో వంతుదాకా పడుకోనిచ్చేది. పుట్టింట్లో బండలాగుడు పందేలకు ఎద్దులను మేపిన మనిషి. బండ లాగిన ఎద్దును వాళ్లు మర్నాడు కాడికి కట్టరు.

"లేపొచ్చు వదినా, రూల్ ఉండాది," అనేవాణ్ణి.

"దాని నొప్పి నీ రూలుకేం తెల్సు సందీపూ? పండుకోనీ," అనేది.

అందుకే ఆమె సగం మందనే దాడికి తోలేది, మిగతా సగం ఇంటి దగ్గర కాపలా. నేను నవ్వుకుంటూ ఉన్నవన్నీ ఒక్కసారే ఉసిగొల్పేవాణ్ణి. ఆమె కాపలా వాటిని ఆపేది. నావన్నీ అడ్డంగా పడి ఉండగా, మేకపిల్లంత భూతాన్ని తోలి నన్ను ఓడించేది. సెలవులంతా ఒక్క ఆటా గెలవలేదు. ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఆమె పొద్దంతా కళ్లంలో మిరపకాయలు ఏరి వచ్చి, చాప మీద ఒత్తిగిలి పడుకుంది.

"వదినా, ఆకలైతాంది. అన్నం పెడతావా?"

ఆమె కళ్లు తెరవలేదు. "దాడికి పోయొచ్చినా. అడ్డంగా ఉండా, కనపడలేదా?"

"సరేలే, రేపు పొద్దున సంగటి?"

"నా ఆటలో రేపు గూడా లేపరు. నువ్వూ మీ అన్నా నిలబడే ఉండారు గదా. పొయ్యి ఆడ ఉండాది."