నీలి గీత ట్యూబు

ఆ మందుల షాపు కౌంటరు వెనక ఇరవై ఆరేళ్ళుగా నిలబడుతున్న ఆవిడను వీధంతా చాటున సివంగి అనేది. ఎదురుపడితే మాత్రం అక్కా, పిన్నీ, మేడమ్, ఎవరి వీలు వాళ్ళది. ఆవిడకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఫోను ముందుకు చాచి, ఇందులో చూపించిన సీరం ఉందా అని అడిగితే చాలు.

ఎందుకు అని ఎదురు అడిగేది. ఎందుకో వాళ్ళకు తెలిసేది కాదు. ఫోనులో అమ్మాయి మెరిసిపోతోంది, అంతే. ఇక సివంగి మొదలుపెట్టేది. నయాసినమైడ్ అంటే బి విటమిన్‌లో ఒక రకమనీ, చర్మం పైపొరను గట్టిపరుస్తుందనీ, జిడ్డునూ మచ్చలనూ కాస్త తగ్గిస్తుందనీ, ఆ కాస్తకే రెండు మూడు నెలలు పడుతుందనీ చెప్పేది. రెటినాల్ ఎ విటమిన్ చుట్టమే, మొటిమలకూ ముడతలకూ పనికొస్తుంది గానీ కడుపుతో ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు. విటమిన్ సి సీసా ముదురు గోధుమరంగుకు తిరిగితే దాని పని అయిపోయినట్టే. ఇలా తిట్టుకో పాఠం. చివరికి గ్లిజరిన్ కలిసిన మామూలు మాయిశ్చరైజరు తీసి ముందు పెట్టేది. చర్మంలో తడి నిలవాలంటే అంతకన్నా నమ్మకమైనది లేదని ఆవిడ వాదన. జనం దాన్ని పిలవని పేరంటానికి వచ్చినదాన్ని చూసినట్టు చూసి, సీరమే పట్టుకుపోయేవారు.

మొహం తెల్లబడాలన్న పిచ్చి నిన్నా మొన్నా పుట్టింది కాదులెండి. సీసం పొడి పూసుకుని, ఆ సీసం చర్మాన్ని తినేస్తే ఆ గుంటలు కప్పడానికి మళ్ళీ అదే పూసుకున్న దొరసానులు చరిత్ర నిండా ఉన్నారు. వాళ్ళ కథ చెప్పుకుంటూ పోతే సివంగి కథ మిగలదు. షాపుకే వద్దాం.

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. ఖాళీ ట్యూబు తెచ్చి కౌంటరు మీద పెడితే డాక్టరు చీటీ అడగరు. రంగూ గీతా చూసి కొత్తది ఇచ్చేస్తారు. ఆ పద్ధతి పెట్టింది సివంగే. చదువురాని ముసలివాళ్ళు మందు పేరు నోరు తిరగక పదిమందిలో తడబడుతుంటే చూడలేక పెట్టింది. ఆవిడ చేసిన మెత్తని పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఒక మధ్యాహ్నం సివంగి అక్క కూతురు వచ్చింది. ఆ పిల్లకు కళ్ళద్దాల షాపులో ఉద్యోగం. వచ్చినవాళ్ళ మొహాలకు ఫ్రేములు పెట్టి చూపిస్తూ, చుట్టూ ఉన్న అద్దాల్లో తన మొహం రోజుకు వందసార్లు చూసుకోవాలి. మెడలో ఉండాల్సిన స్కార్ఫు ఆవేళ కళ్ళదాకా ఉంది. మంట తగ్గే క్రీమేదైనా ఇమ్మంది.

"తియ్యి," అంది సివంగి.

"ఇక్కడొద్దు పిన్నీ."

"తియ్యవే."

స్కార్ఫు జారింది. బుగ్గలు ఉల్లిపొర అంత పల్చగా, ఎర్రగా మెరుస్తున్నాయి. సన్నని నరాలు బయటికి కనిపిస్తున్నాయి. గడ్డం చుట్టూ పొక్కులు, పెదవి మీద నూగు. ఏమేం రాస్తున్నావని నిలదీస్తే అన్నీ సివంగి ఎరిగిన సీరాలే చెప్పింది. అన్నీ కలిపి పూసినా మంట పుడుతుందేమో గానీ నరాలు తేలవు. ఇంకేదో ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే, మూత మీద పేరు కూడా లేని తెల్ల డబ్బా బయటపడింది. పార్లర్ ఆవిడ సొంతంగా చేసే క్రీమట. నాలుగు రోజుల్లో మొహం తేటపడిందట. మానేస్తే భగభగ మండుతోందట.

"చెప్పులు కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతావు. మొహానికి పూసేదాంట్లో ఏముందో ఒక్కమాట అడగలేకపోయావా?"

"అందరూ వాడుతున్నారు పిన్నీ."

సివంగి కౌంటరు వదిలేసి, ఆ పిల్ల రెక్క పట్టుకుని రెండు వీధుల అవతలున్న పార్లర్‌కు నడిచింది. దారిపొడుగునా పార్లర్ ఆవిడ ఏడుతరాలనూ ఉతికి ఆరేసింది. అక్క కూతుర్ని గుమ్మం బయటే నిలబెట్టి లోపలికి వెళ్ళింది.

పార్లర్ ఆవిడ ఎవరికో కనుబొమలు సర్దుతోంది. డబ్బా ఎదురుగా పెట్టి, ఇందులో ఏం కలిపావని అడిగితే తడుముకోకుండా సొరుగు లాగి చూపించింది. నిండా నీలి గీత ట్యూబులు. ఎగ్జిమాకీ దురదకీ డాక్టరు చెబితే కొన్నాళ్ళు మాత్రం వాడాల్సిన స్టెరాయిడ్ మందు. వాటిని కోల్డ్ క్రీములో పిండి కలుపుతుందట.

"ఇన్ని ఎవడిచ్చాడే నీకు?"

"అదేంటక్కా, నువ్వేగా. మా ఆయా ఖాళీ ట్యూబు పెడితే డజను కట్టి ఇస్తావు. ప్రతివాళ్ళనీ తిట్టిపోసేదానివి దీనికి పల్లెత్తు మాట అనలేదంటే మంచి మందేననుకున్నాను."

ఆ ఆయా ఒకప్పుడు వృద్ధాశ్రమంలో పనిచేసేది. ముసలివాళ్ళ దురదలకు ట్యూబులు పట్టుకెళ్ళేది. ఏడాది కిందట పని మారి ఈ పార్లర్‌లో చేరిందట. సివంగి అడగలేదు. ట్యూబు చూసింది, గీత చూసింది, ఇచ్చింది.

ఆ క్రీము కొన్న ప్రతివాళ్ళనూ చర్మం డాక్టరు దగ్గరికి పంపకపోతే తానే ఇంటింటికీ తిరిగి చెబుతానని పార్లర్ ఆవిడకు చెప్పి వచ్చింది. అంది గానీ గొంతులో పదును లేదు. మర్నాటి నుంచి నీలి గీత ట్యూబుకు చీటీ అడిగింది. గిరాకీ పోతుందని ఓనరు గొణిగితే, అయితే నేనూ పోతానంది.

అక్క కూతుర్ని తానే డాక్టరుకు చూపించింది. స్టెరాయిడ్ మెల్లగా తగ్గిస్తూ మానాలనీ, సీరాలన్నీ కట్టిపెట్టాలనీ, మాయిశ్చరైజరూ సన్‌స్క్రీనూ తప్ప మొహానికి ఏదీ తగలకూడదనీ డాక్టరు చెప్పాడు. తగ్గేముందు పెచ్చుమీరుతుందన్నాడు, అలాగే అయింది. మూడోవారం మొహం వాచి, ఆ పిల్ల పాత డబ్బా కోసం ఏడ్చింది. ఇలాంటివాళ్ళను ఉరి తియ్యాలి పిన్నీ అంటూ పార్లర్ ఆవిడను శపించింది. సివంగి ఇక దాచుకోలేకపోయింది.

"ఆ ట్యూబులు ఇచ్చింది నేనే."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "ఊరందరికీ పాఠాలు చెబుతావు కదా," అని లేచి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి డాక్టరు దగ్గరికి వాళ్ళమ్మతో వెళ్ళింది. ఎరుపు దిగుతోందని అక్క ఫోనులో చెప్పేది. పిల్ల మాత్రం ఫోనందుకోలేదు.

రెండు నెలలు చూసి సివంగి కళ్ళద్దాల షాపుకే వెళ్ళింది. స్కార్ఫు లేదు. బుగ్గల మీద ఎరుపు ఇంకా చాలా మిగిలే ఉంది.

"చెప్పండి మేడమ్, ఏం కావాలి?"

ఆ మేడమ్ అన్న మాట సివంగికి చెంపదెబ్బలా తగిలింది. సంచిలోంచి కొత్త సన్‌స్క్రీన్ తీసి అద్దాల బల్ల మీద పెట్టింది. ఆ పిల్ల వెంటనే ముట్టుకోలేదు. తర్వాత ట్యూబు తిప్పి, లెన్సులు పరీక్షించే భూతద్దం కిందికి జరిపి, వెనక ఉన్న చీమతలంత అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంది.

"జింక్ ఆక్సైడ్. ఎందుకు?"

"ఎండను అడ్డుకోవడానికి. మండదు."

"ఇది?"

"గ్లిజరిన్. తడి నిలుపుతుంది."

"వాసన కోసం ఏమైనా కలిపారా?"

"లేదు. చూసే తెచ్చాను."

"మీరు చూశారని కాదు నేనడిగేది," అంటూ ఆ పిల్ల తల ఎత్తకుండానే తర్వాతి పేరు మీద వేలు పెట్టింది. సివంగి కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. ఇంకా పద్దెనిమిది పేర్లున్నాయి.