తరుగు చెప్పని కమ్మరి

చిత్తూరులో విలేకరిగా ఉన్న రోజుల్లో వార్తలు పంపడానికి మధ్యాహ్నం పూట ఒక నెట్ సెంటర్‌కు వెళ్లేవాణ్ని. ఫోటో వెళ్లడానికి అరగంట పట్టేది. ఆ అరగంటా పక్క కుర్చీలో ఆడే ఆటను చూసేవాణ్ని. ఎక్కడెక్కడి వాళ్లో ఒకేసారి కలిసి ఆడే యుద్ధాల ఆట అది. ఆ కుర్చీలో కూర్చునేది నలభై దాటిన కంసాలి, అందరూ ఆచారి అని పిలిచేవాళ్లు. రెడీమేడ్ నగల దుకాణాలు వచ్చాక ఆయనకు మధ్యాహ్నాలు ఖాళీ అయిపోయాయి.

ఆ ఆటలో కత్తికి పదును పెంచాలంటే రాళ్లు కావాలి. ఎందరో రాక్షసుల్ని చంపితే ఒక రాయి దొరుకుతుంది. కత్తినీ రాళ్లనూ ఆటలోని కమ్మరికి ఇవ్వాలి. పని కుదిరితే సరే, కుదరకపోతే కత్తి విరుగుతుంది, రాళ్లూ పోతాయి. మెట్టు పెరిగేకొద్దీ కమ్మరి ఎక్కువ రాళ్లు అడుగుతాడు. ఎన్నిసార్లకు ఒకసారి విరుగుతుందో మాత్రం ఎక్కడా చెప్పడు.

అక్కడి వాళ్లకు ఒక అలవాటు పుట్టింది. ఎవరి కత్తికి పదును పెట్టాలన్నా మౌస్ కంసాలి చేతికే ఇచ్చేవాళ్లు. నగ చేసే చెయ్యి తప్పు చెయ్యదని నమ్మకం. మొదట్లో ఆయన నవ్వేవాడు. వరుసగా నాలుగు కత్తులు నిలిచాక, నొక్కే ముందు వేళ్లు చొక్కాకు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు లారీ ఆఫీసు గుమాస్తా వచ్చాడు. వేసవి అంతా ఆడి రాళ్లు కూడబెట్టినవాడు.

"నొక్కు ఆసారీ. నీ సేతిలో పోతాదా యాడన్నా?"

కంసాలి నొక్కాడు. కత్తి విరిగింది.

గుమాస్తా తెరవైపు చూసి అన్నాడు. "తరుగెంతో సెప్పకుండానే కరిగించేసినావు గదప్పా!"

అందరూ నవ్వారు. కంసాలి నవ్వలేదు. బంగారం కరిగించే ముందు, అందులో ఎంత తగ్గుతుందో తెచ్చిన మనిషికి చెప్పి, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పని చెయ్యడం వాళ్ల పనిలో మొదటి మర్యాద.

అందరూ వెళ్లాక నాతో అన్నాడు. "తరుగు ఉంటాది సార్. నిప్పులో పెడితే కొంచెం పోతాది. పొయ్యేదెంతో ముందే సెప్పాల. ఆ ఆటలో కమ్మరి అడిగేది అంతంత రాళ్లు, సెప్పేది లేదు. అది న్యాయమా? మా కొట్లో అయితే నేల ఊడ్సి ఆ మట్టిలోనన్నా ఎతుక్కుంటాం. ఈడ పొడి కూడా మిగల్లేదే."

"విరిచింది ఆట కదా?" అన్నాను.

"నొక్కింది నా సెయ్యి గదా."

మర్నాడు తన సొంత కత్తిని గుమాస్తాకు ఇచ్చేశాడు. రెండేళ్లు ఆడి సంపాదించుకున్నది అది.

"పిచ్చా ఆసారీ నీకు? ఊరికే అన్నానబ్బా!" అని గుమాస్తా నొచ్చుకున్నాడు.

"తీసుకో. నీ సరుకు నా సేతిలో పోయినాది" అని కంసాలి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ నెట్ సెంటర్‌లో కనిపించలేదు.

కొన్ని నెలలకు మా ఆవిడ కమ్మలు విరిగితే, కరిగించి మళ్లీ చేయించడానికి ఆయన కొట్టుకు వెళ్లాను. తూచాడు. తరుగు ఎంతో చెప్పాడు. సరేనని, పని ఉంది సాయంత్రం వస్తానని చెప్పులు వేసుకోబోయాను.

"కూర్సోండి సార్" అన్నాడు.

"నాకు నీమీద నమ్మకం లేదనా?"

ఆయన కుంపటి ఊదలేదు. ఊదుగొట్టం చేతిలో పట్టుకుని, నేను చెప్పులు వదిలి వచ్చి కూర్చునేదాకా అలాగే ఆగాడు.